ముందు పెట్రోలు సంగతి చూడండి

నైట్రస్ పేరెత్తగానే మన మెకానికల్ కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి. మీట నొక్కగానే కారు రివ్వున దూసుకుపోతుందని సినిమాలు నేర్పిన పాఠం అది! "ఆ బాటిల్‌లో ఏముంటుంది సార్?" అని అడిగినవాళ్లు బోలెడుమంది. "దానికి తగిన పెట్రోలు ఎట్లా ఇస్తారు సార్?" అని అడిగినవాడు మాత్రం నాకింతవరకు కనబడలేదు. నన్నడిగితే అడగవలసిన ప్రశ్న అదే.

నైట్రస్ ఆక్సైడ్ ఇంధనం కాదు, తనంత తాను మండదు. 1772లో ప్రీస్ట్లీ కనిపెట్టిన లాఫింగ్ గ్యాసే ఇది. దీని బరువులో 36 శాతం ఆక్సిజన్. గాలిలో 23 శాతమే. ఇంజన్ వేడికి విడిపోయి ఆ ఆక్సిజన్‌ను అందిస్తుంది, అంతే. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి గాలి సుమారు 14.7 కిలోలు కావాలి; నైట్రస్ అయితే 9.6 కిలోలు చాలు. అంటే బలమంతా అదనంగా మండిన పెట్రోలుది! ఆ పెట్రోలు తగ్గిందా, నాకింగ్ మొదలై పిస్టను కరుగుతుంది. కొద్ది సెకన్ల పని.

అమెరికాలో క్వార్టర్ మైలు, అనగా 402 మీటర్ల డ్రాగ్ రేసుల్లో కార్బురేటర్ కార్లవాళ్లు ఏం చేస్తారో చూడండి. కార్బురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య ఒక ప్లేటు. అందులో నైట్రస్‌కొక సన్నని గొట్టం, పెట్రోలుకొకటి. ఒక్కొక్క దారికి ఒక సొలినాయిడ్ వాల్వు, ఒక జెట్టు. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తేనే వాల్వులు పనిచేసేట్టు ఒక స్విచ్చి. బిగించడం పెద్ద పనేం కాదు. ట్యూనింగే అసలు చదువు.

గేజీలో పెట్రోలు ప్రెషర్ 6 పి.ఎస్.ఐ. ఉందని సంబరపడితే లాభం లేదు. అది పెట్రోలు కదలకుండా ఉన్నప్పటి లెక్క. జెట్టులోంచి ధారగా పోతున్నప్పుడు ఎంత నిలుస్తుందో అదీ చూడవలసింది. అందుకే తెలిసినవాళ్లు ఈ పెట్రోలుకు వేరే పంపు, వేరే రెగ్యులేటరు పెడతారు. చిన్న జెట్టుతో, మిశ్రమం కాస్త రిచ్‌గానే ఉంచి మొదలుపెడతారు. నైట్రస్‌తో మంట వేగం పెరుగుతుంది గనుక ప్రతి 50 హార్స్‌పవర్‌కూ స్పార్కును సుమారు 2 డిగ్రీలు వెనక్కి జరుపుతారు. వేడిని త్వరగా వదిలే కోల్డ్ ప్లగ్గులు వేస్తారు. పరుగు చివర ఇంజన్ ఆపేసి, ప్లగ్గులు విప్పి భూతద్దంతో చూస్తారు. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలుంటే నాకింగ్. అల్యూమినియం చుక్కలు కనిపిస్తే పిస్టనే ఊడివస్తోందన్నమాట! ఒకసారికి ఒకే మార్పు, ప్రతిదీ నోటుబుక్కులోకి. పక్కవాడి రికార్డు చూసి రీడింగులు ఎక్కించే విద్య (మీకు తెలియనిదేం కాదు లెండి) అక్కడ చెల్లదు. మార్కులు వేసేది ఇంజను.

బాటిల్‌కూ దాని పేచీ దానికుంది. ఒత్తిడి 900-950 పి.ఎస్.ఐ. ఉండాలంటే బాటిల్ 30-32 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరుండాలి. చల్లబడితే నైట్రస్ తగ్గి మిశ్రమం రిచ్, వేడెక్కితే లీన్. చలిరోజుల్లో వాళ్లు దానికి హీటరు దుప్పటి చుడతారు. 36.4 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా నైట్రస్ ద్రవంగా ఉండదు. ఇక మన బెజవాడ మే నెల ఎండలో, కారు డిక్కీలో సంగతి మీరే ఊహించుకోండి! మంటతో కాచడమైతే ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

రోడ్డు మీద తిరిగే బండికి దీన్ని బిగిస్తామంటే నేను సుతరామూ ఒప్పుకోను. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా ఒప్పుకోదు.

అయితే 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 వచ్చింది కదా, కార్బురేటర్‌ను పాత ఇనుములో వేసేద్దామనే పెద్దలతోనూ నాకు పేచీయే. ఇంజెక్షన్ బండిలో మిశ్రమాన్ని కంప్యూటరు దిద్దుకుంటుంది. కార్బురేటర్‌లో దిద్దవలసింది మన చెయ్యే. లాబ్ మూలనున్న ఆ పాత ఇంజన్‌ను ఈ ఏడు దులపండి. నైట్రస్ అక్కర్లేదు. మెయిన్ జెట్టు ఒక్క సైజు మార్చి నడిపి, ప్లగ్గు రంగు ఎట్లా మారిందో నాకు తెచ్చి చూపించండి.