కేరాఫ్ చిరునామా

మా ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు దాన్ని రెండు చేసి వెళ్లాడు. పైసా ఖర్చు లేదు. ఉన్నదాని కడుపులోనే మరొకటి! విండోసు తన మానాన తానుంటుంది. వర్చువల్ బాక్సు అనే సాఫ్టువేరు అందులో ఒక వాటా కట్టి లినక్సును కాపురం పెడుతుంది. ఇదేదో నిన్నమొన్నటి వింత అనుకున్నాను గాని, 1972లోనే ఐ.బి.ఎం. వారు తమ పెద్ద యంత్రాలకు ఇటువంటి ఏర్పాటును ప్రకటించారట.

ఈ వైభవం నాకెందుకంటారా? నేనూ, నా విద్యార్థులూ కొన్నేళ్లుగా పల్లెల్లో తిరిగి పోగుచేసిన మాటలున్నాయి. పొలం మాటలు, వంటింటి మాటలు, తిట్లు. చీటీల మీదివన్నీ ఆ లినక్సు వాటాలోకి ఎక్కించాం. అయిదుగురు పిల్లలు మా ఇంటికొచ్చి, ఎవరి ఫోనులో వారు చూసి తప్పులు దిద్దాలి. మేనల్లుడు హాస్టలుకు వెళ్లిన మర్నాడే వచ్చారు. మా ఆవిడ వేసిన పెసరట్లు అయిపోయాయి గాని, ఒక్క ఫోనులోనూ ఒక్క మాట కనబడలేదు.

లోపలి లినక్సు మాత్రం లోకమంతా తిరిగి వస్తోంది. పేపరు తెరవమంటే తెరుస్తోంది. దాని చిరునామా చూస్తే 10.0.2.15. ఆ అంకెలు ఫోనులో కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంతలో ఒక కుర్రవాడు, "మాస్టారూ, మా ఇంట్లో వర్చువల్ బాక్సుకీ ఇదే నంబరండీ!" అన్నాడు. నాకు ముచ్చెమటలు పోశాయి. మా మాటలు వాళ్లింటికి వెళ్లిపోయాయా ఏమిటి?

రాత్రి ఫోను చేస్తే మేనల్లుడు పకపకా నవ్వాడు. "మామయ్యా, ఊళ్లో ఇంటికొక బుజ్జిగాడుంటాడు కదా. ఉత్త 'బుజ్జికి' అని కార్డు రాస్తే పోస్టుమాను ఎవరింట్లో వేస్తాడు?"

అదీ సంగతి. నాట్ అనే ఆ పద్ధతిలో లోపలివాడు ఇంటి యజమాని పేరు మీదే ఉత్తరాలు రాస్తాడు. జవాబు యజమానికి వస్తుంది. ఎవరి ఉత్తరానికి వచ్చిందో గుర్తుపెట్టుకుని ఆయనే లోపలికి అందిస్తాడు. కాని ఎవరూ రాయకుండా బయటినుంచి వచ్చిన మనిషిని ఎవరి దగ్గరకు పంపాలో ఆయనకేం తెలుసు? ముందుగా చెప్పి ఉంచాలి: "8080 అని అడిగినవాళ్లు లోపలివాడి చుట్టాలు" అని. దీన్ని పోర్ట్ ఫార్వర్డింగు అంటారు. అది చేసి, విండోసు గుమ్మంలో కూర్చున్న ఫైర్‌వాలుకు కూడా నచ్చచెప్పి, ఇంటి కంప్యూటరు చిరునామా పక్కన 8080 కొడితే మాటలన్నీ వచ్చేశాయి.

మరి ఇంత తంటా ఎందుకు, బ్రిడ్జి పద్ధతి పెడితే సరిపోదా అన్నారు పిల్లలు. అదీ నిజమే. అప్పుడు లోపలివాడికి వీధిలోకి వేరే గుమ్మం. రౌటరు వాడికి సొంత చిరునామా ఇస్తుంది. అలా మార్చి కంప్యూటరును కాలేజీకి పట్టుకుపోదామని వాళ్ల ఉబలాటం.

నేనే ఒప్పుకోలేదు. ఆ చీటీల్లో మాటతోబాటు చెప్పిన మనిషి పేరు, ఊరు ఉన్నాయి. ఫలానా తిట్టు ఫలానా ముసలమ్మ ఎవరినుద్దేశించి తిట్టిందో కూడా రాసి పెట్టాం. ఆమె నన్ను నమ్మి, అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. కాలేజీ నెట్‌వర్కులో ఉన్న ప్రతివాడూ ఆ తలుపు తట్టవచ్చునంటే నాకు నిద్ర పట్టదు. మా ఇంట్లో అయితే తట్టేది మేమూ, మా పిల్లలూను.

మూడో పద్ధతి ఒకటుంది, హోస్ట్ ఓన్లీ అని. యజమానీ, వాటాలోవాడూ మాత్రం మాట్లాడుకుంటారు. వీధి మొహం చూడరు. పేర్లన్నీ తీసేసేదాకా కాలేజీలో ఇదే అని తేల్చాను. అంటే అయిదుగురూ వంతులవారీగా ఒకే కంప్యూటరు ముందు కూర్చోవాలి. పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. పేర్లు తీసే పని నిన్న మొదలుపెట్టాం. "క" దగ్గర ఉన్నాం.