లోపం జన్యువుదైతే నింద కోడలిదా?

గుండె కవాటంలో లోపం ఉందని డాక్టరు చెప్పగానే చాలా ఇళ్లలో ముందు వచ్చే మాట "ఏం చేయాలి?" అని కాదు, "తల్లి తరఫున ఎవరికైనా ఉందా?" అని! అదే ఆడపిల్లకైతే ఆ సంగతి గడప దాటనివ్వరు. పెళ్లి కావాలి కదా మరి!

మా నాగోల్‌లో మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం దాటాక వచ్చే ఎన్‌జీఆర్‌ఐ స్టేషను దగ్గర్లోనే సీసీఎంబీ ఉంది. జన్యువుల గుట్టు విప్పే చోటు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లోపించినవారు మన దేశంలో నూటికి నలుగురి దాకా ఉన్నారని, వారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువని అక్కడి శాస్త్రవేత్త తంగరాజ్, సహచరులు 2009లో వెల్లడించారు.

అది కండరం సంగతి. కవాటం సంగతికొస్తే, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారంలోని కవాటానికి మూడు రెక్కలుండాలి. నూటికి ఒకరిద్దరు రెండు రెక్కలతోనే పుడతారు. కొన్ని కుటుంబాల్లో దీనికి నాచ్-1 అనే జన్యువులో మార్పు కారణమని 2005లో అమెరికాలో విదు గర్గ్ బృందం కనిపెట్టింది. ఆ మార్పు తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. పైగా ఈ రెండు రెక్కల లోపం మగవారిలోనే ఎక్కువ! మరి నింద ఒక్క కోడలికేనా?

అన్ని కవాట జబ్బులూ వంశం నుంచి రావు. చిన్నప్పుడు పట్టించుకోని గొంతునొప్పి రుమాటిక్ జ్వరంగా మారి కవాటాన్ని చెడగొట్టడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే. ఆడవాళ్లలో ఇది చాలాసార్లు గర్భం వచ్చాకే బయటపడుతుంది. అప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఇరుకైన కవాటం ఆ భారం మోయలేదు. పెళ్లి కోసం దాచిన సంగతి పురిటి గదిలో ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే అంటున్నాను, వంశం గురించి అడగండి. కానీ నిందించడానికి కాదు, కాపాడుకోవడానికి. ఇంట్లో ఒకరికి రెండు రెక్కల కవాటం ఉందని తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఎకో పరీక్ష చేయించండి. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. కవాట జబ్బున్న అమ్మాయి గర్భానికి ముందే గుండె డాక్టరును కలవాలి. ఆ మాట ధైర్యంగా చెప్పుకోగలిగే ఇల్లు ఆమెకు పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ ఉండాలి. ఆ పని ఏ ప్రయోగశాలా చేయలేదు, మనమే చేయాలి.