కడబంతికీ సరిపడే చిరునామాలు

ఇంటర్నెట్ లేనిదే ఈరోజు మన చదువు సాగదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, కౌన్సెలింగ్, ఫలితాలు అన్నీ అందులోనే. అయితే అందులో కలిసే ప్రతి యంత్రానికీ ఒక చిరునామా కావాలనీ, పాత పద్ధతి చిరునామాలు ఎప్పుడో అయిపోయాయనీ మనలో ఎంతమందికి తెలుసు?

పాత పద్ధతి పేరు ఐపీవీ4. అందులో ఉన్నవి మొత్తం సుమారు 430 కోట్ల చిరునామాలు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. పైగా మొదట్లో పంపకం సమంగా జరగలేదు. అమెరికాలోని ఎంఐటీ అనే ఒక్క విద్యాసంస్థకే 1 కోటీ 67 లక్షలకు పైగా దక్కాయి. వాటిలో చాలాభాగం వాడనే లేదని 2017లో ఆ సంస్థే చెప్పి, కొన్నింటిని అమ్ముకుంది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి వాటాలు పంచేశారు. ఆ ఏప్రిల్ నుంచే మన ఆసియా ప్రాంతంలో రేషన్ మొదలైంది. తొలిబంతివాళ్లు విస్తరి నిండా వడ్డించుకున్నారు. కడబంతిలో కూర్చున్న మనకు అడుగూబొడుగూ మిగిలింది.

మరి నెట్ ఎలా నడుస్తోంది? ఒకే చిరునామాను ఎంతోమంది పంచుకుంటున్నారు. చూడటానికి, చదవటానికి ఇబ్బంది లేదు. కానీ ఒకరి తప్పుకు ఏదైనా వెబ్‌సైట్ ఆ చిరునామాను ఆపేస్తే అందరికీ తలుపు మూసుకుంటుంది. మనం తయారుచేసిన వెబ్‌సైట్‌ను మన గదిలోని కంప్యూటర్ నుంచే లోకానికి చూపాలంటే, బయటివాళ్లు లోపలికి రావటానికి దారి ఉండదు. డబ్బున్నవాడు విడిగా చిరునామా కొనుక్కుంటాడు. లేనివాడు చూసేవాడిగానే మిగిలిపోతాడు. మా అభ్యంతరం ఇక్కడే.

దీనికి మందు ఐపీవీ6. అందులోని చిరునామాలు 340 పక్కన 36 సున్నాలు పెట్టినన్ని. మన టెలికాం శాఖ 2010లోనే దీనికి ప్రణాళిక ప్రకటించింది. 2016లో జియో వచ్చాక సెల్‌ఫోన్లలో బాగా వ్యాపించింది. నేడు దేశంలో నెట్ వాడేవారిలో సగానికి పైగా, తమకు తెలియకుండానే, దీన్ని వాడుతున్నారు. వెనకబడినవి ఎన్నో వెబ్‌సైట్లు, కాలేజీలు, ఆఫీసులు. పాతది మాత్రమే తెలిసిన యంత్రం, కొత్తది మాత్రమే తెలిసిన యంత్రం నేరుగా మాట్లాడుకోలేవు. కనుక కొంతకాలం రెండూ నడపాలి.

“ఎలాగో నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు?” అనేవారున్నారు. కొత్తది వస్తే వేగం పెరిగిపోతుందని మేము అనటం లేదు. ఫైర్‌వాల్ కాపలా దానికీ కావాలి. కానీ ఇప్పటి రౌటర్లలో చాలావాటికి ఈ సౌకర్యం ముందే ఉంది. కొరతగా ఉన్నది నేర్చుకుని ఆన్ చేసే మనుషులే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కంప్యూటర్ కోర్సు చదివేవారు ఐపీవీ4తో ఆగిపోకండి. ఐపీవీ6 కూడా చేసి చూడండి. ఈ హాస్టల్ నుంచి వెళ్లి కంపెనీల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ! మీ చేతిలో ఉన్న వెబ్‌సైట్ ఐపీవీ6లో తెరుచుకుంటోందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే మీ పైవారిని అడగండి. ఆలస్యంగా వచ్చినవాడికీ పూర్తి వాటా అందాలన్నదే మనం ఎప్పుడూ కోరేది. ఇక్కడ ఆ వాటా సిద్ధంగా ఉంది. అందుకోవటమే మిగిలింది.