పత్రంలో మిగిలిన వృత్తి

కుల ధ్రువీకరణ పత్రం కోసం సచివాలయానికి వెళ్లే మన పిల్లల దరఖాస్తులో 'దూదేకుల' అని రాసి ఉంటుంది. దూది ఏకడమంటే ఏమిటని ఆ పిల్లలనే అడిగి చూడండి. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా జవాబు చెప్పగలిగేవారు అరుదు. వృత్తి పేరు ప్రభుత్వ పత్రంలో భద్రంగా ఉంది. వృత్తి మాత్రం ఇల్లు విడిచిపోతోంది.

నల్లరేగడిలో పత్తి పండే సీమ మనది. గింజ తీసిన పత్తిని అలాగే వడకడానికి వీలుకాదు, పరుపులో నింపడానికీ పనికిరాదు. ముద్దకట్టిన పోగులను విడదీయాలి. అందుకే దూదేకుల ఇంట నిలువెత్తు విల్లు ఉండేది. నరంతో బిగించిన దాని నారిని దూదికి ఆనించి, రెండు చివరలా లావుగా ఉండే కొయ్యతో మీటితే, ఆ అదురుకు పోగులు విడిపోయేవి, దుమ్మూ నలుసులూ రాలిపోయేవి. రాట్నానికి ఏకులు, ఇంటికి పరుపులు, దిండ్లు ఆ చేతుల నుంచే వచ్చేవి. ఏళ్లతరబడి వాడి గట్టిపడిన పరుపును విప్పి, అదే దూదిని మళ్లీ ఏకి, కొత్తదిగా కుట్టి ఇవ్వడమూ వారి పనే. పాత చీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టే నేర్పు మన స్త్రీలది. నేడు 'ఏకు మేకైనట్టు' అన్న సామెతలో తప్ప ఏకు అన్న మాటే వినబడదు.

యంత్రం వచ్చింది, ఫోం పరుపు వచ్చింది, గిరాకీ తగ్గింది. ఇది నిజం. పత్తి దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందన్నదీ నిజమే. అయితే మరో కారణం కూడా ఉంది. దాన్ని మనం బయటకు చెప్పుకోం. అది సిగ్గు. 'పింజారి' అన్నది దూదిని పింజలు చేసే పనివాడి పేరు. లోకం దాన్ని తిట్టుగా మార్చింది. 'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా' అన్న సామెతను పుట్టించింది. ఆ ఎద్దేవాలో పరాయివారితో పాటు మనవారూ గొంతు కలిపారని ఒప్పుకోవాలి. ఉర్దూ రాదని, పనివాళ్లని సాటి ముస్లింలే వారిని దూరం పెట్టిన సందర్భాలు తక్కువేమీ కావు. కానీ 'లద్దాఫ్' అన్న పేరు దూది ఏకేవాడిని సూచించే అరబీ 'నద్దాఫ్' నుంచి వచ్చింది. సూఫీ మన్సూర్ పేరులోని 'హల్లాజ్' అన్నా అదే అర్థం. బాగ్దాద్‌లో గౌరవంగా నిలిచిన పేరు మన బజారులో తిట్టు ఎందుకైంది? మన జిల్లాలోని ముడుమాలకు చెందిన దూదేకుల సిద్దయ్య పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి ప్రధాన శిష్యుడై, అన్ని మతాలవారి మన్ననా పొందాడు. పనిలో తక్కువతనం లేదనడానికి మనకు దూరదేశపు సాక్ష్యం కూడా అక్కరలేదు.

పిల్లలను మళ్లీ కులవృత్తిలోకి నెట్టాలని మేము కోరడం లేదు. వారికి ముందు కావలసింది బడి, కళాశాల, ఉద్యోగం. బీసీ-బి రిజర్వేషన్ అందుకోసమే. కానీ విద్య నేర్వడం వేరు, వృత్తికి కట్టుబడిపోవడం వేరు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ మహిళలు పాతబట్టలతో కుట్టే 'కవంది' బొంతలు విదేశాల్లో ప్రదర్శనలకెక్కాయి. అవి మన అవ్వలు కుట్టిన బొంతలకు తోబుట్టువులే. అక్కడ ఆ పనికి విలువ కట్టినవారున్నారు, ఇక్కడ మనమే దాన్ని అటక మీద పడేశాం.

మనం చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. పెళ్లిళ్లు లేని రోజుల్లో షాదీఖానాలు తాళం వేసే ఉంటాయి. వారానికి రెండు పూటలు వాటిని తెరిపించి, బొంత కుట్టడం, పరుపు కట్టడం, అల్లిక, కుట్టుపని నేర్పవచ్చు. నేర్పే అవ్వకూ తాతకూ గౌరవవేతనం ఇవ్వాలి. అది దానం కాదు, గురువుకు దక్కవలసిన రుసుము. దూది ఏకే చోట ముక్కుకు గుడ్డ, గాలి ఆడే గది తప్పనిసరి చేయాలి. తలుపు అందరికీ తెరిచి ఉండాలి. షేక్, సయ్యద్, దూదేకుల అన్న తేడా అక్కడ పనికిరాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గాల ఊళ్లు. అక్కడి నేతకుటుంబాల ఆడపిల్లలు వచ్చినా పక్కన కూర్చోబెట్టాలి. పులివెందులకు దుస్తుల పరిశ్రమ వచ్చింది. కుట్టు తెలిసిన అమ్మాయి అక్కడ ఉద్యోగం అడగవచ్చు, ఇంట్లోనే సొంతంగా సంపాదించుకోనూవచ్చు.

ఇక ప్రభుత్వం మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవాడు ఉన్నాడు, చాప, చీపురు కట్టేవారున్నారు. దూది ఏకేవాడికి, పరుపు కుట్టేవాడికి అందులో చోటు లేదు. చోటు దక్కినవారికి శిక్షణలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000, ఆపై రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం అందుతాయి. వృత్తి పేరుతోనే ఒక సమాజాన్ని వెనుకబడినదిగా గుర్తించిన ప్రభుత్వాలు, ఆ వృత్తిని చేతివృత్తిగా గుర్తించకపోవడం ఏమి న్యాయం? మన ప్రజాప్రతినిధులను ఈ ప్రశ్న అడగాలి. ఓట్లు అడగడానికి వచ్చినప్పుడే కాదు, ఇప్పుడే అడగాలి.

జాబితాలో చోటు దక్కేదాకా చేతులు ముడుచుకు కూర్చోనవసరం లేదు. పని తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వారు ఉండగానే షాదీఖానా తాళం తీద్దాం. వారి పక్కన మన పిల్లలను కూర్చోబెడదాం. అప్పుడు ధ్రువీకరణ పత్రంలో తన వృత్తి పేరు చదివిన పిల్ల తలదించుకోదు. ఆ పని తనకూ వచ్చునని చెబుతుంది.