తమిళనాడు వారికి వర్తించదట!

తొలకరి పడితే చాలు, మా అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో వజ్రాల వేట మొదలు. బళ్లారి వైపు నుంచి వచ్చినా ‘మీదే ఊరు?’ అని ఆపేవారుండరు. సరుకు పొట్లాల్లో బంగారు నాణెం వెతుక్కోమనే పోటీలకు మాత్రం ‘తమిళనాడు వారికి వర్తించదు’ అని సన్నటి అక్షరాలుంటాయి. అయ్యో పాపం అనుకునేదాన్ని!

నిజానికి అక్కడ 1979లోనే బహుమతి పథకాల నిషేధ చట్టం తెచ్చారు. కొన్నవాళ్లలో ఏ ఒక్కరికో లాటరీ తీసి ఇస్తామని ఆశపెట్టి సరుకు అమ్మకూడదు. మనల్ని రానిస్తున్నారు కదాని అవసరం లేకున్నా ఇంకో రెండు పొట్లాలు కొంటాం. కరువు సీమలో ఆ రూపాయలు తక్కువా?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, పోటీ ముగిశాక ఫలితాలు దాచడం అనుచిత వ్యాపారమే. బహుమతి ఎవరికొచ్చిందో ఈసారి అడిగి చూద్దామా?