యంత్రమును మోసినవారి పేళ్లేవి?

పసిఫిక్ మహాసముద్ర యుద్ధమును గూర్చిన ఇంగ్లీషు గ్రంథములలో ఒక మాట తఱచుగా కనబడుచుండును. తీరపు కావలివాండ్రు గ్వాడల్కెనాల్ దీవిని రక్షించిరి, గ్వాడల్కెనాల్ పసిఫిక్కును రక్షించినది అని అమెరికా నౌకాసేనాని హాల్సీ మెచ్చుకొనెను. ఆ మెప్పు అక్రమమని మేమనము. శత్రువు నాలుగు వైపుల క్రమ్ముకొనియున్న కొండలమీద రేడియో యంత్రముకడ కూర్చుండి వార్తలంపిన మనుష్యులకు ఎంత గౌరవము చేసినను తక్కువయే. కాని ఆ కావలివాండ్రెవరు అని అడిగినపుడు గ్రంథకర్తలు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఇంగ్లాండు దేశస్థుల పేళ్లు వరుసగా చదివి, చివర ‘విశ్వాసపాత్రులైన స్వదేశీయులు’ అని ఒక ముక్క తగిలించి చేతులు దులుపుకొనుచున్నారు. ఈ ముక్కతోనే మాకు పేచీ.

1942 ఏప్రిల్ 6వ తేదీని విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసిన సంగతి మన తీరమువారు మఱవలేదు. అప్పటికే సింగపూరు, రంగూను పట్టణములు జపాను వశమైనవి. తూర్పున ఆస్ట్రేలియాకు ఈశాన్యముననున్న దీవులలోనికిని జపానువారు ప్రవేశించి, రబౌల్ రేవును పెద్ద స్థావరముగా చేసికొనియుండిరి. అచ్చటినుండి ఆగ్నేయముగా బోగన్‌విల్ మొదలు గ్వాడల్కెనాలు దాటువఱకు సోలొమన్ దీవులు బారుగా సాగియున్నవి. రబౌలునుండి గ్వాడల్కెనాలునకు పోవు విమానములు ఈ దీవుల వెంబడిని పోవలసినదే. దారిలో ఒక కొండమీద చూచుటకు ఒక మనిషియు, చెప్పుటకు ఒక రేడియోయు ఉండిన చాలును. విమానము చేరకముందే వార్త చేరును.

ఇట్టి కావలి యేర్పాటునకు ఆస్ట్రేలియా నౌకాశాఖ 1919లోనే శ్రీకారము చుట్టెను. 1939లో ఎరిక్ ఫెల్ట్ అను అధికారి దీవులన్నియు తిరిగి తోటల యజమానులను, సర్కారు ఉద్యోగులను, వర్తకులను కూర్చెను. ఈ కూటమికి ‘ఫెర్డినాండ్’ అని రహస్యనామము. అది పిల్లల కథలోని ఒక ఎద్దు పేరు. ఆ ఎద్దు పోట్లాటకు పోక చెట్టుక్రింద కూర్చుండి పూలవాసన చూచుచుండును. పోరాడవద్దు, కూర్చుండి చూడుడు అని ఆజ్ఞ. యుద్ధశాఖలవారికిని హాస్యరస మున్నదని యిందువలన తెలియవచ్చును.

ఇక ఆ యంత్రము సంగతి. టెలిరేడియో అని దానికి పేరు. నోటితో మాటలాడిన 400 మైళ్లు, మీట నొక్కి మోర్సు సంకేతములతో పలికించిన 600 మైళ్లు పోగలదు. మెచ్చదగినదే. కాని వార్త పంపు పెట్టె వేఱు, అందుకొను పెట్టె వేఱు. వీనికి బరువైన బ్యాటరీలు, బ్యాటరీలకు శక్తి నింపుటకు పెట్రోలు ఇంజను, ఇంజనునకు పెట్రోలు. ఇదియంతయు ఒకచోటినుండి మఱియొక చోటికి కదలవలెనన్న పన్నెండుగురు మొదలు పదునాఱుగురు వఱకు మోతగాండ్రు కావలెను. శత్రువుల గస్తీ వచ్చుచున్నదని తెలిసిన ప్రతిసారియు ఈ సంసారమంతయు బురదలో, వానలో, దారిలేని యడవిలో కొండ యెక్కవలెను. మోసినవారు ఆ దీవుల పల్లెవాండ్రు. పుస్తకములలో ‘యంత్రమును కొండపైకి చేర్చిరి’ అని యుండును. క్రియాపదమున్నది, కర్త కానరాడు!

1942 ఆగస్టు 7వ తేదీని అమెరికా సైన్యము గ్వాడల్కెనాల్, తులాగి దీవులలో దిగెను. ఆ యుదయమున దక్షిణ బోగన్‌విల్‌లోని కొండమీద పాల్ మేసన్ అను తోట యజమాని తలపైని పోవుచున్న బాంబు విమానములను లెక్కించి, 24 విమానములు మీవైపు వచ్చుచున్నవని రేడియోలో చెప్పెను. పోర్టు మోర్స్‌బీలో ఆ మాట అందుకొనిరి. అచ్చటినుండి ఆస్ట్రేలియాకు, ఆస్ట్రేలియానుండి మహాసముద్రము దాటి పెర్ల్ హార్బరునకు, పెర్ల్ హార్బరునుండి తిరిగి గ్వాడల్కెనాలు ముందున్న ఓడలకు. ప్రపంచమున నాలుగవ వంతు చుట్టినట్లుండు ఈ ప్రయాణము అరగంటలోపల ముగిసినది. ఓడలు లంగరులెత్తి కదలినవి. యుద్ధవిమానములు ముందుగానే ఆకాశమున ఎత్తునకు చేరి కాచుకొనియుండినవి. ఆ బాంబు విమానములు విడిచిన బాంబులలో ఒక్కటియు ఓడలకు తగులలేదు. మరునాడు ఉత్తర బోగన్‌విల్ నుండి జాక్ రీడ్ అట్టి వార్తనే పంపెను.

మేసన్, రీడ్‌ల ధైర్యమును శంకించువాడు మూర్ఖుడు. అయినను ఆ ధైర్యము ఎవరి యన్నము తిని నిలిచినది? ఏ పల్లెలో శత్రువు దిగినాడో, ఏ కాలిబాటను వచ్చుచున్నాడో వారికి చెప్పినదెవరు? మాకు ఎదురు చెప్పువారు కొందఱుందురు. మీట నొక్కు విద్య అరుదైనది, మూటమోయుట ఎవడైనను చేయును, కావున పేరు మీట నొక్కినవానికే చెల్లునని వారి వాదము. దీనికి ఉత్తరము బోగన్‌విల్‌లోనే యున్నది. 1943 నాటికి అచ్చట జపాను గస్తీలు పెరిగినవి, పల్లెలు కొన్ని జపానువారి పక్షము చేరినవి, దారులు చూపుటకు మనుష్యులు దొరకిరి. ఆ సంవత్సరము జూలైలో మేసన్, రీడ్‌లు ఇద్దఱును జలాంతర్గామి నెక్కి దీవి విడువవలసివచ్చెను. మీట నొక్కు విద్యను వారు మఱచిరా? లేదు. పల్లె చేయి జాఱినది, కావలి కూలినది. మూటమోయుట ఎవడైనను చేయు పనియైనచో ఆ యెవడైనను అప్పుడెక్కడికి పోయెను?

గ్వాడల్కెనాలునందు జేకబ్ వౌజా అను విశ్రాంత పోలీసు సార్జంటు మేజరు కలడు. 1942 ఆగస్టు 20వ తేదీని జపానువారు ఆయనను పట్టి, చెట్టునకు కట్టి, ప్రశ్నించి, నోరు విప్పకున్నందున బయనెట్లతో పొడిచి చచ్చెనని విడిచిరి. ఆయన పండ్లతో త్రాళ్లు కొఱికి, నెత్తురోడుచు అమెరికావారి బారులను చేరి రానున్న దాడిని గూర్చి చెప్పెను. వౌజాకు పతకములు వచ్చినవి, 1979లో సర్ బిరుదమును వచ్చినది, ఇంకేమి కావలెనందురా? ఒక్కని మెడలో పది హారములు వేసి నూర్గురి మెడలను మఱచుట ప్రభువులకు పాత విద్యయే. మన దేశమున రావుబహద్దరులను చూచినవారికి దీనిని వివరింప నక్కఱలేదు.

1943 ఆగస్టున జాన్ కెనడీ యేలుబడిలోని చిన్న యుద్ధనౌక జపాను ఓడ తాకి రెండు ముక్కలైనపుడు ఆయనను, ఆయన తోడివారిని కనుగొన్నవారు బియూకు గాసా, ఎరోనీ కుమానా అను ఇద్దఱు ద్వీపవాసులు. టెంకాయ చిప్పపై కెనడీ చెక్కిన నాలుగు మాటలను వారు దోనెలో శత్రుజలముల మీదుగా కొనిపోయిరి. ఆ చిప్ప అమెరికా అధ్యక్షుని బల్లపై అలంకారమైనది, నేడు బోస్టను నగరమున ఆయన గ్రంథాలయమందున్నది. చిప్పను చూచినవారెందఱు, దోనె నడిపినవారి పేళ్లు చెప్పగలవారెందఱు?

మఱియొక విషయము. యూనిఫారము లేకుండ రేడియోతో పట్టుబడినవానిని గూఢచారియని చంపుదురు. గిల్బర్టు దీవులలో పట్టుబడిన 17గురు న్యూజీలాండు కావలివాండ్రను, మఱి 5గురిని 1942 అక్టోబరు 15వ తేదీని తరావాలో జపానువారు వధించిరి. వనికోరో దీవిలో జీతము లేకయే రేడియో నడిపి, వాతావరణ సమాచారమును, యుద్ధవార్తలను అందించిన రూబీ బోయ్ అను వీరవనితకు 1943లో గౌరవ నౌకాధికారిణి పదవి నిచ్చిరి. జీతము అప్పుడును లేదు. మంచిది, ఆ పదవియైన దక్కినది. బ్యాటరీ మోసిన పల్లెవాడు పట్టుబడినచో వానిని కాపాడుటకు ఏ పదవి, ఏ యూనిఫారము ఇచ్చిరి?

యుద్ధము కదలిపోయిన తరువాతి కథ మఱింత చేదు. సైన్యపు కూలిదళములో నెలకొక పౌను జీతముపై పనిచేసిన ద్వీపవాసులు, 1944 మొదలుకొని మలైటా దీవిలో ‘మాసినా రూరు’ అను ఉద్యమము లేవదీసిరి. మంచి కూలి, తమ పంచాయతీలు, తమ మాటకు విలువ కోరిరి. యుద్ధకాలమున ‘విశ్వాసపాత్రులు’ అని పొగడిన సర్కారే 1947లో నాయకులను పట్టి బంధించెను, పిమ్మట వేలకొలది జనులను చెఱకు పంపెను. ఆ పట్టివేతకు అధికారులు పెట్టిన పేరేమి? ‘ఆపరేషన్ డీలౌస్’, అనగా పేలు తీయుట! ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యన్న నిదియే. తమ పడవలు దాటినంత కాలము దారి చూపిన చేతులు, హక్కులు అడుగగనే ఆ దొరల కన్నులకు పేలైనవి. సోలొమన్ దీవులకు స్వాతంత్ర్యము 1978 జూలై 7వ తేదీని గాని రాలేదు.

న్యూగినీలోని మడాంగు రేవున కావలివాండ్ర స్మారకముగా 1959లో దీపస్తంభము కట్టిరి. సహాయపడిన స్వదేశీయుల ప్రస్తావన అందును కలదు, కాదనము. కాని సోలొమన్ రాజధాని హోనియారాలో స్వదేశీయులగు వేగులవారిని ముందు నిలిపి విగ్రహములు వెలసినది 2011లో. అనగా గ్వాడల్కెనాలు దండయాత్ర జరిగిన 69 సంవత్సరములకు. నాటి మోతగాండ్రలో ఎందఱు మిగిలియుండిరో పాఠకులే లెక్కించుకొందురు గాక.

మా పఠనమందిరముల సోదరులకు ఒక విన్నపము. ఈ యుద్ధమును గూర్చిన పుస్తకము మీ బీరువాలోనికి వచ్చినపుడు ముందుగా చివరి పుటలలోని పేళ్లపట్టికను తెఱచి చూడుడు. మేసన్, రీడ్, ఫెల్ట్ అను పేళ్లకెదుట ఎన్ని పుటల అంకెలున్నవో, గాసా, కుమానా అను పేళ్లకెదుట ఎన్ని యున్నవో లెక్క పెట్టుడు. ఆ లెక్కను ఒక ఉత్తరములో ప్రకాశకులకు వ్రాసి పంపుడు.