గెలిచాక ఏం చేస్తారు?

హిట్టయిన కథకు తరువాయి రాయడం ఎంత చిక్కో సీరియల్ రచయితలకు తెలుసు, సినిమావాళ్ళకు ఇంకా బాగా తెలుసు. వీడియో గేములు తయారుచేసేవాళ్ళది నిత్యం అదే చిక్కు. వాళ్ళలో ఒకరు దాన్ని దాటిన తీరు కథలు రాసే ప్రతివాళ్ళూ తెలుసుకోదగ్గది.

1998 చివర్లో నింటెండో సంస్థ ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’ విడుదల చేసింది. సుమారు 76 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అంత గెలుపు తర్వాత ఎవరికైనా తట్టే ఆలోచనే వాళ్ళకూ తట్టింది: అదే ఆటలోని నేలమాళిగలను అటూఇటూ మార్చి మళ్ళీ అమ్ముదామని. ఆ పని ఎయిజీ అవోనుమాకు అప్పగించారు. వాటిని మొదట రూపొందించినవాళ్ళలో ముఖ్యుడు ఆయనే. చేసిందే తిరగేయడానికి మనసొప్పక, కొత్త ఆట చేస్తానన్నాడు. సిరీస్ సృష్టికర్త షిగెరు మియామోటో సరేనన్నాడు, ఏడాదిలో పూర్తికావాలన్న షరతుతో.

ఏడాదిలో అంత ఆటను పునాదుల నుంచి కట్టడం అయ్యేపని కాదు. అందుకే పాత బొమ్మలనే, పాత ముఖాలనే తెచ్చుకున్నారు. వేరే ఆట కోసం సంస్థలోనే మరో రూపకర్త యోషియాకి కొయిజుమి ఆలోచిస్తున్న ‘గడువు’ను ఇందులోకి తెచ్చారు. అలా 2000లో ‘మజోరాస్ మాస్క్’ వచ్చింది. వికృతమైన ముఖంతో చంద్రుడు ఆకాశం నుంచి దిగివస్తుంటాడు, మూడు రోజుల్లో ఊరు నుగ్గునుగ్గవుతుంది. మన గడియారంలో అది గంట కూడా కాదు. ఈలోగా ఆటగాడు ఒకరినా అనే ఊదే వాద్యం మీద పాట వాయించి మొదటిరోజు ఉదయానికి వెళ్ళిపోవాలి.

ఆ ఊళ్ళో సత్రం నడిపే అంజు అనే అమ్మాయి ఉంది. మొదటి ఆటలో, తప్పిపోయిన కోళ్ళను పట్టుకురమ్మని అడిగే పిల్ల బొమ్మే ఈమె. అక్కడ ఆమెకు అంతకుమించి కథ లేదు. ఇక్కడ ఆమెకు కాఫే అనే అబ్బాయితో పెళ్ళి కుదిరింది, అతను కనిపించకుండా పోయాడు. శాపం తగిలి చిన్నపిల్లాడైపోయి దాక్కున్నాడు. ఓపిగ్గా ఉత్తరాలు చేరవేస్తూ మూడు రోజులూ వాళ్ళ వెంట తిరిగితే, అంతా ముగిసిపోవడానికి కాసేపటి ముందు ఇద్దరూ కలుస్తారు. పిల్లాడి రూపంలోనే అతన్ని ఆమె గుర్తుపడుతుంది. పారిపోకుండా అక్కడే ఉండిపోతారు. చంద్రుణ్ణి ఆపే దారి ఇంకా దొరకని ఆటగాడు పాట వాయించక తప్పదు. వాయిస్తే ఆ కలయిక జరగనట్టే. అంజు మళ్ళీ సత్రంలో ఎదురుచూస్తూ ఉంటుంది. కోళ్ళ పిల్ల బొమ్మకు ఇంత దుఃఖాన్ని ఇచ్చిన చేతులను సృజన అనకుండా మరేమంటాం?

ఈ ఆట 33 లక్షల కాపీల పైచిలుకు అమ్ముడైంది, మొదటిదానిలో సగం కూడా కాదు. జమాఖర్చుల్లో దీన్ని తగ్గుదలగానే రాస్తారు. కానీ హిట్టు సంపాదించిపెట్టేది డబ్బొక్కటే కాదు, తర్వాతి అడుగు తడబడినా తట్టుకునే స్తోమత కూడా. నింటెండో ఆ స్తోమతను ఖర్చుపెట్టింది.

‘అసాసిన్స్ క్రీడ్’ సిరీస్‌ను నడిపే యూబీసాఫ్ట్ చాలాకాలం అలాంటి స్తోమతను దాచిపెట్టుకుంది. 2009 నుంచి 2015 దాకా ఏటా తప్పకుండా ఓ ఆట. వాటిలో సముద్రపు దొంగల ‘బ్లాక్ ఫ్లాగ్’ లాంటి మంచివీ ఉన్నాయి, కాదనం. కానీ 2014లో ‘యూనిటీ’ వచ్చినప్పుడు కొందరి తెరల మీద పాత్రల ముఖాలు మాయమై కళ్ళూ పళ్ళూ మిగిలాయి. సంస్థ క్షమాపణ చెప్పి, అదనపు భాగాన్ని ఉచితంగా ఇవ్వాల్సివచ్చింది. 2016లో ప్రధాన సిరీస్‌కు విరామమిచ్చి, 2017లో ప్రాచీన ఈజిప్టు కథతో ‘ఆరిజిన్స్’ తెచ్చాకే మళ్ళీ ఊపిరి పోసుకుంది.

తప్పంతా సంస్థలదే అనలేం. “మళ్ళీ అదే కావాలి” అని అడిగేదీ మనమే, “అదే ఇచ్చారేం” అని తిట్టేదీ మనమే. అయినా పాతసరుకును చూసి అభిమానులు పారిపోతారన్నది అపోహ. 2023లో అవోనుమా నిర్మాతగా వచ్చిన జెల్డా ఆట ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ ఆరేళ్ళ కిందటి జెల్డా ఆటలోని నేలనే వాడుకుంది. ఆ నేల మీద ఆటగాడు దుంగలూ చక్రాలూ అతికించి తనకు తోచిన బండి తయారుచేసుకోవచ్చు. 2022లో రావలసిన దాన్ని ఇంకా సమయం కావాలని వాయిదా వేశారు. తీరా వచ్చాక తొలి మూడు రోజుల్లోనే కోటి కాపీలు అమ్ముడయ్యాయి.